బెలూం గుహలు, బనగానపల్లె పాత వజ్రపు గుంతలు: గైడుతో ఒక్కరోజు యాత్ర

కుందూ_ఒడ్డు
నవంబరు 18, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నిన్న నంద్యాల నుంచి ఒక చిన్న బృందంగా బయలుదేరి పొద్దున బనగానపల్లె పాత వజ్రపు గుంతలు, మధ్యాహ్నం బెలూం గుహలు చూసి చీకటి పడే వేళకు ఇల్లు చేరాం. దారి చూపినది భూగర్భశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు. జనవరిలో మరో బృందాన్ని తీసుకెళ్ళడానికి ఆయన ఒప్పుకున్నారు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

బెలూం గుహలు మీలో చాలామంది చూసే ఉంటారు. కాబట్టి వాటి అందం గురించి కొత్తగా చెప్పను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ రెండు చోట్లనూ ఒకే రోజు, ఈ వరుసలోనే చూడాలి. ఎందుకంటే అవి ఒకదాని మీద ఒకటి పరుచుకున్న రాతిపొరలు. అన్నిటికన్నా అడుగున బనగానపల్లె పొర ఉంది. అందులో గులకరాళ్ళు గట్టిగా అతుక్కుపోయి ముద్దకట్టిన ఒక పలుచని వరస ఉంటుంది, వజ్రాలు దొరికింది అందులోనే. దాని మీద నార్జి సున్నపురాయి. బెలూం గుహలు ఆ సున్నపురాయిలో ఏర్పడ్డవే. ఆ పైన అవుకు పొర, పాణ్యం పొర, కోవెలకుంట్ల సున్నపురాయి, చివరగా నంద్యాల పొర. మేము రోజూ ఎక్కే బస్సుల బోర్డుల మీది పేర్లే భూగర్భశాస్త్ర గ్రంథాల్లో రాతిపొరల పేర్లయ్యాయని చిన్నప్పుడు బడిలో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

పొద్దున గుంతల దగ్గర మాస్టారు ఒక రాతిముక్కను చేతిలో పెట్టి చూపించారు. పాకంలో అతుక్కున్న వేరుశనగ ఉండలా ఉంది. తెల్లని పలుగురాళ్ళు, ఎర్రని చెకుముకిరాళ్ళు, నల్లనివి, అన్నీ అరిగి నున్నబడినవి. ఏదో పురాతన ఏరు ఎక్కడినుంచో మోసుకొచ్చి పరిచిన రాళ్ళు. వాటితోపాటే వజ్రాలూ కొట్టుకొచ్చాయి. అంటే ఇక్కడి వజ్రం ఇక్కడ పుట్టినది కాదు. మధ్యాహ్నం బెలూంలో దిగినప్పుడు, మన అరికాళ్ళకు ఎంతో దిగువన ఆ గులకరాళ్ళ వరస ఉంటుందన్న ఆలోచనతో చూస్తే గుహ వేరేగా కనిపిస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి. తెలిసినంతవరకు చెబుతాను.

బాటసారి_అనంత
నవంబరు 18, రాత్రి 10:05

మంచి సమాచారం ఇచ్చారు. కానీ నాకొక సందేహం ఉంది, సూటిగానే అడుగుతాను. బెలూం ఇదివరకే చూశాను. ఇక ఆ గుంతల దగ్గర చూడటానికి ఏముంది? కొన్నేళ్ళ క్రితం బనగానపల్లెలో మా బంధువులు చూపించారు. కంపచెట్లు, రాళ్ళగుట్టలు, సగం పూడిపోయిన గోతులు. బోర్డు లేదు, దారి లేదు. పిల్లలతో వచ్చేవాళ్ళు నిరాశపడతారు. నవాబు బంగళా చూపించి నేరుగా బెలూం తీసుకెళ్ళడమే మేలు కదా?

బండలగని
నవంబరు 19, ఉదయం 6:48

బాటసారి గారూ, మాది బేతంచెర్ల. మూడు తరాలుగా నాపరాళ్ళ పని. మీరు చూసింది నిజమే, గోతులే. కానీ ఆ గోతి అంచు చూశారా? మాస్టారుతో నేనూ ఒకసారి వెళ్ళాను. గనిపని చేసేవాడి కంటికి అక్కడ కనిపించేది చాలా ఉంది.

పైన గట్టి రాతిపొర ఉంటుంది. దాన్ని పగలగొట్టుకుంటూ నిలువునా దిగారు. ఎక్కువ గుంతల లోతు ఇరవై అడుగుల లోపే. గులకరాళ్ళ వరస తగిలిన చోట ఆగి, అక్కడి నుంచి అడ్డంగా తొలుచుకుంటూ పోయారు. ఆ వరస మందం చాలా తక్కువ. దానికోసం మనిషి దూరేంత మాత్రమే తవ్వారు. నిలబడటానికి వీలుండదు, కూర్చునో పడుకునో పనిచేయాలి. పైకప్పు కూలకుండా అక్కడక్కడా రాతిని తవ్వకుండా వదిలేశారు. మా గనుల్లో ఇప్పుడు కోత యంత్రాలు వచ్చాయి. మా తాత కాలంలో సుత్తి, ఉలి, గడ్డపారలే. ఆ గుంత గోడ మీది ఉలి గాట్లు చూసినప్పుడు, ఏ దెబ్బ ఏ కోణంలో వేశారో నేను చెప్పగలిగాను. చేయి చాపి తాకాను కూడా.

తవ్వి తీసిన రాయిని పొడిచేసి, నీళ్ళలో కడిగి, మట్టి పోయాక మిగిలిన గులకను చదును చేసిన నేల మీద పరిచి, ఎండలో ఒక్కొక్కటే ఏరేవారు. ఆ కడిగిన గులక కుప్పలే మీరు చూసిన రాళ్ళగుట్టలు. వాటిని తీసుకెళ్ళి రోడ్లకు పోస్తున్నారు. ఇంకొన్నేళ్ళకు అవీ ఉండవు. కాబట్టి చూడదలచినవాళ్ళు ఇప్పుడే చూడాలి.

లక్ష్మీ_సికింద్రాబాద్
నవంబరు 19, మధ్యాహ్నం 1:20

నమస్తే అండి. జనవరి యాత్రకు నేను, మా అమ్మ రావాలనుకుంటున్నాం. అమ్మకు 68 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నాయి, ఉబ్బసం కూడా ఉంది, మందు వాడుతుంది. బెలూం లోపల గాలి ఆడదని విన్నాను. తీసుకురావచ్చా? చరిత్ర అంటే అమ్మకు ప్రాణం. వద్దంటే బాధపడుతుంది.

ఊపిరి_వైద్యుడు
నవంబరు 19, సాయంత్రం 4:31

లక్ష్మి గారూ, నేను ఊపిరితిత్తుల వైద్యుణ్ణి, బెలూం చూసినవాణ్ణి. అమ్మగారిని చూడకుండా ఖచ్చితంగా చెప్పలేను, కానీ అక్కడి పరిస్థితి చెబుతాను, మీ వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోండి.

బెలూం చల్లని గుహ కాదు. చాలామంది గుహ అనగానే చల్లగా ఉంటుందనుకొని వస్తారు. లోపలికి పోయేకొద్దీ ఉక్క పెరుగుతుంది, చొక్కా తడిసిపోతుంది. బయటి గాలిని గొట్టాల ద్వారా లోపలికి పంపుతారు, ఆ గొట్టాల దగ్గర నిలబడితే హాయిగా ఉంటుంది. పర్యాటకులకు తెరిచిన దారి సుమారు కిలోమీటరున్నర. అందులో మెట్లున్నాయి, నడుము వంచి నడవాల్సిన చోట్లున్నాయి. అన్నిటికన్నా కష్టమైనది పాతాళగంగకు, అంటే గుహ అడుగున ఉన్న నీటిపాయకు, దిగే దారి. గుహలో బాగా లోతైన చోటు అదే, పైనుంచి 46 మీటర్ల దిగువన. ఉబ్బసం ఉన్నవారు, మోకాళ్ళ నొప్పులున్నవారు అక్కడికి దిగవద్దు.

సింహద్వారం, దాని తరువాతి విశాలమైన గదుల వరకు నెమ్మదిగా నడిచి వెనక్కు వచ్చేయవచ్చు. పీల్చే మందు చేతిలో ఉండాలి, సంచిలో అడుగున కాదు. జనం ఎక్కువగా ఉండే సెలవు రోజుల్లో మాత్రం రావద్దు. జనం పెరిగితే లోపలి గాలి ఇంకా బరువెక్కుతుంది.

కుందూ_ఒడ్డు
నవంబరు 19, రాత్రి 8:50

వైద్యుల సలహాకు కృతజ్ఞతలు. లక్ష్మి గారూ, అమ్మగారిని తప్పకుండా తీసుకురండి. గుంతల దగ్గర నడక తక్కువే, నేల మాత్రం ఎగుడుదిగుడు. చేతికర్ర ఉంటే మంచిది. గుహలో మొదటి గదుల వరకు మా బృందంలో ఒకరు ఆవిడతోపాటే ఉంటారు.

ఆ మొదటి గదుల్లోనే చరిత్ర కూడా ఎక్కువ. ఇక్కడ బౌద్ధ, జైన సన్యాసులు ఉండేవారని చెబుతారు. బయట ఉన్న పెద్ద బుద్ధ విగ్రహం అందుకే పెట్టారు. ఆధునిక కాలంలో బెలూం గురించి మొదట రాసినవాడు బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1884లో. ఆ తరువాత దాదాపు నూరేళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చుట్టుపక్కలవాళ్ళు చెత్త పడేసే గొయ్యిగా మారింది. 1982, 1983లలో డేనియల్ గెబవర్ అనే జర్మన్ గుహాన్వేషి బృందంతో వచ్చి లోపలంతా కొలిచి పటం గీశాడు. 3,229 మీటర్లు! భారత ఉపఖండంలో మేఘాలయ గుహలను పక్కనపెడితే ఇంత పొడవైనది మరొకటి లేదు. 2002లో పర్యాటక శాఖ జనానికి తెరిచింది. లోపల ఒక గదికి గెబవర్ పేరు పెట్టారు. చెత్త గొయ్యిని గుహగా మళ్ళీ మనకు అప్పగించిన మనిషికి ఆ గౌరవం దక్కాల్సిందే.

కొత్తబాట_రాజు
నవంబరు 20, ఉదయం 9:15

అన్నా, గుంతల దగ్గర వజ్రాలు వెతకనిస్తారా? వాన పడితే మన రాయలసీమలో వజ్రాలు దొరుకుతాయని ప్రతి ఏడాదీ వార్తల్లో చూస్తున్నాను. మా స్నేహితులు నలుగురం వస్తాం. జల్లెడ తెచ్చుకోవచ్చా?

జొన్నగిరి_పంతులు
నవంబరు 20, మధ్యాహ్నం 12:40

తమ్ముడూ రాజూ, జల్లెడ ఇంట్లోనే పెట్టు. నువ్వు వార్తల్లో చూసేది మా వైపు సంగతి. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, అటు అనంతపురం జిల్లాలో వజ్రకరూరు. తొలకరి వాన పడగానే పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలతాయి. అప్పుడు చేలల్లోకి జనం దిగుతారు. బనగానపల్లెలో అలా కాదు. అక్కడ వజ్రం రాతిలో ఇరుక్కుని ఉంది, పొడిచేస్తే తప్ప రాదు. అనుమతి లేకుండా తవ్వడం నేరం కూడా.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. నేను మా ఊరి బడిలో పాఠం చెబుతాను. జూన్ నెలలో చెట్ల కింద వంట చేసుకుంటూ, పిల్లల్ని వెంటబెట్టుకొని, కూలి పనులు మానుకొని వారాల తరబడి నేల చూస్తూ నడిచే కుటుంబాలను ఏటా చూస్తాను. దొరికిన ఒక్కరి ఫోటో పత్రికలో వస్తుంది. దొరకనివాళ్ళు అప్పుతో ఇంటికి పోతారు. దొరికినవాడికైనా ఆ రాయి అసలు విలువ చేతికి రాదు, మధ్యవర్తులు చెప్పిందే ధర. దయచేసి దీన్ని వినోదంగా చూడకండి.

మా వైపు చూడాలంటే ఎర్రగుడి అశోకుని శాసనాలు చూడండి. ఆ బండల దగ్గర ఒక పూట గడిపితే చాలు.

కొత్తబాట_రాజు
నవంబరు 20, మధ్యాహ్నం 2:02

అర్థమైంది పంతులుగారూ. ఈ కోణం నేనెప్పుడూ ఆలోచించలేదు. జల్లెడ లేకుండానే వస్తాం.

పాతకాగితం
నవంబరు 21, రాత్రి 11:26

పంతులుగారు చెప్పినది కొత్త కథ కాదు. మూడున్నర శతాబ్దాల కిందటిదీ ఇదే. ఫ్రెంచి రత్న వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల కాలపు గనులు చూసి వివరంగా రాసిపెట్టాడు. ఆయన రావుల్కొండ అని పేర్కొన్న గని కర్నూలు దగ్గరి రామళ్ళకోట అని తరువాతి పరిశోధకులు కొందరు గుర్తించారు. అక్కడ రాతి పగుళ్ళలోని మట్టిని కొక్కెం లాంటి ఇనుప కడ్డీలతో గోకి తీసేవారట. తవ్వేవాడికి ఏడాదికి మూడు పగోడాలు (ఆ కాలపు చిన్న బంగారు నాణేలు) మాత్రమే దక్కేవని రాశాడు. రాజులు కిరీటంలో పెట్టుకునే రాయిని తీసినవాడికి ఏడాదంతా కలిపి మూడు పగోడాలు! ఒంటి మీద గుడ్డ కూడా సరిగా ఉండేది కాదు. అయినా కంట్లో, నోట్లో రాయి దాస్తారేమోనని కాపలాలు.

అదే చోట మరో దృశ్యం కూడా ఆయన నమోదు చేశాడు. పెద్ద వర్తకుల కొడుకులు, పదేళ్ళ నుంచి పదిహేను పదహారేళ్ళ పిల్లలు, పొద్దున్నే ఊళ్ళో చెట్టు కింద తక్కెడ, డబ్బు సంచీతో కూర్చునేవారు. ఎవరైనా రాయి తెస్తే అందరూ చేతులు మార్చి చూసి, ధర కట్టి కొనేవారు. గని లోపల ఒక బాల్యం, చెట్టు కింద ఇంకో బాల్యం.

1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రం అంటే ప్రధానంగా మన దేశమే. ఆ తరువాత మన గనులు క్షీణించాయి. బనగానపల్లెలో 19వ శతాబ్దంలో కూడా కొద్దిగా తవ్వేవారు. కెప్టెన్ న్యూబోల్డ్, ఆ తరువాత విలియం కింగ్ వచ్చి చూసి రాశారు. ఈ ప్రాంతపు రాతిపొరల మీద కింగ్ రచన 1872లో అచ్చయింది.

గైడు గుంతల దగ్గర ఈ కూలీల సంగతి చెబుతారా? చెప్పకపోతే ఆ యాత్ర సగమే.

కుందూ_ఒడ్డు
నవంబరు 22, ఉదయం 7:30

చెబుతారు. నిజానికి ఆయన ఎక్కువసేపు మాట్లాడింది దాని గురించే. ఒక్కొక్కరినీ గుంత అంచున మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తల వంచి ఆ అడ్డ సొరంగం నోట్లోకి చూడమన్నారు. లోపలికి మాత్రం ఎవరినీ పోనివ్వలేదు. పైకప్పు ఎప్పుడు జారుతుందో తెలియదు, పాములుంటాయి. ఈ నియమం జనవరిలో కూడా అంతే, మినహాయింపు లేదు.

స్వరమాధురి
నవంబరు 22, సాయంత్రం 6:14

బెలూంలో నాకు బాగా నచ్చింది సప్తస్వరాల గుహ. కర్రతో తడితే ఒక్కో రాతి ఊడ ఒక్కో స్వరం పలుకుతుంది. సంగీతం నేర్చుకుంటున్న మా అమ్మాయి ఎంత ఆనందించిందో! గైడు దాన్ని తప్పకుండా చూపించాలని నా మనవి.

బండలగని
నవంబరు 22, రాత్రి 8:03

మాధురి గారూ, మీ అమ్మాయి ఆనందం నాకు అర్థమవుతుంది. కానీ రాయితో బతికేవాడిగా ఒక మాట. ఆ ఊడలు చుక్క చుక్కగా నీళ్ళు జారి, నీటిలోని సున్నం పేరుకొని వేల ఏళ్ళలో ఏర్పడ్డవి. ఒక్క దెబ్బకు ఏమీ కాదు. వచ్చిన ప్రతివాడూ కొడితే? సన్నని పగులు మొదట కంటికి కనిపించదు, ఒకరోజు ముక్క ఊడి పడుతుంది. మాస్టారు ఆ గదిలో ఎవరినీ కొట్టనివ్వలేదు. నేను ఆయన పక్షమే.

స్వరమాధురి
నవంబరు 22, రాత్రి 9:41

మీ మాట కాదనను. కానీ పిల్లల చేతికి అనుభవం అందకపోతే ఆ చోటు మీద వాళ్ళకు ప్రేమ ఎలా పుడుతుంది? ఒక్కసారి గైడే మెల్లగా తట్టి అందరికీ వినిపిస్తే చాలదా? ఆ శబ్దం రికార్డు చేసి గది బయట వినిపించినా బాగుంటుంది. పూర్తిగా మూగగా ఉంచడం మాత్రం నాకు నచ్చదు.

కుందూ_ఒడ్డు
నవంబరు 23, ఉదయం 7:05

రికార్డు చేసి వినిపించాలన్న ఆలోచన చాలా బాగుంది. మాస్టారుతో మాట్లాడతాను.

రవ్వలకొండ_భక్తుడు
నవంబరు 23, ఉదయం 10:37

ఇంత చర్చలో వీరబ్రహ్మేంద్ర స్వామి పేరు రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. బనగానపల్లె దాకా వచ్చి రవ్వలకొండ చూడకుండా ఎలా వెళ్తారు? గరిమిరెడ్డి అచ్చమ్మ గారి పశువులు కాస్తూ స్వామివారు కాలజ్ఞానం రాసింది అక్కడి గుహలోనే. మా ప్రాంతపు జనానికి గుహ అంటే మొదట గుర్తొచ్చేది అదే. యాగంటి కూడా దగ్గరే. ఉమామహేశ్వరుని ఆలయం, అగస్త్య గుహ, వేంకటేశ్వర గుహ, కొండల్లోంచి కోనేట్లోకి వచ్చే నీరు. రాతి గురించి మాట్లాడేవారు ఆ నీరు ఎక్కడినుంచి వస్తుందో చెప్పాలి కదా. మీ యాత్రలో ఇవి రెండూ చేర్చండి.

జుర్రేరు_లోయ
నవంబరు 23, మధ్యాహ్నం 3:18

యాగంటి వైపు వెళ్ళేటట్లయితే జ్వాలాపురం వదలకండి. నేను చదివిన శాస్త్రం పురావస్తుశాస్త్రం కాబట్టి కొంచెం ఆవేశంగానే రాస్తాను.

సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రాలో టోబా అనే అగ్నిపర్వతం బద్దలైంది. గత ఇరవై లక్షల ఏళ్ళలో అంతటి విస్ఫోటనం మరొకటి లేదంటారు. దాని బూడిద సముద్రం దాటి వచ్చి జుర్రేరు లోయలో పడింది. వాన నీరు దాన్ని పల్లానికి చేర్చడంతో జ్వాలాపురం దగ్గర కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా పేరుకుంది. రవి కోరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వినప్పుడు బూడిద పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అంత పెద్ద ఉత్పాతం తరువాత కూడా మనుషులు ఇక్కడ కొనసాగారని ఆ బృందం వాదన. దాని మీద ఇప్పటికీ ప్రపంచమంతా చర్చ నడుస్తోంది.

ఇక గనుల సంగతి. ఆ బూడిదను తవ్వి అమ్ముకున్నారు, పాత్రలు తోమే పొడుల్లో కలపడానికి. మానవజాతి చరిత్రకు సాక్ష్యమైన పొర మన వంటిళ్ళలో తూముల్లోకి పోయింది. దీనికి ఎవరిని తప్పుపట్టాలి? తవ్విన రైతుకు అది తెల్లమట్టి. దాని విలువ అతనికి వివరించే బాధ్యత చదువుకున్నవాళ్ళది.

బేతంచెర్ల దగ్గర బిల్ల సుర్గం గుహలు కూడా ఇలాంటివే. 1844లో న్యూబోల్డ్ అక్కడ శిలాజ ఎముకలు చూశాడు. 1884లో ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వకాలు జరిపించారు. అయితే అది వేరే రోజు పెట్టుకోవాల్సిన యాత్ర.

బాటసారి_అనంత
నవంబరు 23, సాయంత్రం 5:55

మొదట నేను అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. కానీ ఇప్పుడు భయం వేస్తోంది. రవ్వలకొండ, యాగంటి, జ్వాలాపురం, గుంతలు, బెలూం అన్నీ ఒక్కరోజులోనా? అప్పుడు ఏదీ చూసినట్టు ఉండదు, బస్సు దిగడం ఎక్కడమే మిగులుతుంది.

దూరతీరం
నవంబరు 24, రాత్రి 1:47

నేను దక్షిణాఫ్రికాలో ఉంటాను, సొంత ఊరు కోవెలకుంట్ల. ఇక్కడ కింబర్లీలో పెద్ద గొయ్యి అని ఒక వజ్రపు గని ఉంది. 1871లో మొదలుపెట్టి 1914లో ఆపేశారు. మొదట్లో పారలు, పలుగులతో మనుషులు తవ్విందే. ఇప్పుడు దాని అంచున వంతెనలాంటి వేదిక కట్టారు, పాత గని పట్టణాన్ని ప్రదర్శనశాలగా నిలబెట్టారు. బడిపిల్లలు బస్సుల్లో వస్తారు. నల్లజాతి కూలీలను కంచెల మధ్య నిర్బంధించి పనిచేయించిన సంగతి కూడా అక్కడ తెలుసుకోవచ్చు.

అక్కడ నిలబడినప్పుడు నాకు కలిగింది గర్వం కాదు, కోపం. కింబర్లీ కంటే శతాబ్దాల ముందు మావాళ్ళు వజ్రం తవ్వారు. ఆ చోటికి దారి చూపే ఒక్క పలక లేదు. కోట్ల ఖర్చు అడగడం లేదు. గుంతల చుట్టూ కంచె, తెలుగులో నాలుగు వాక్యాల బోర్డు, కడిగిన గులక కుప్పను ఒక్కటైనా కదిలించకుండా కాపాడటం. ఇంతే. దీనికోసం వినతిపత్రం రాస్తే ఇక్కడి తెలుగువాళ్ళ సంతకాలు నేను సేకరిస్తాను.

బండలగని
నవంబరు 24, ఉదయం 6:20

బోర్డులో కూలీల మాట కూడా ఉండాలి. నవాబుల పేర్లు మాత్రమే రాస్తే నేను సంతకం పెట్టను.

పాతకాగితం
నవంబరు 24, ఉదయం 8:11

పాఠం నేను రాసిస్తాను, పంతులుగారు దిద్దిపెట్టాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆగకుండా చదవగలిగేలా ఉండాలి.

జొన్నగిరి_పంతులు
నవంబరు 24, ఉదయం 8:40

సంతోషంగా.

కుందూ_ఒడ్డు
నవంబరు 25, రాత్రి 9:30

మాస్టారుతో మాట్లాడాను. జనవరి యాత్ర వివరాలు ఇవి.

సంక్రాంతి రద్దీ అంతా తగ్గాక, నెలాఖరులో ఒక పనిదినం. తెల్లవారగానే నంద్యాల నుంచి బయలుదేరి ఎండ ముదరకముందే గుంతలు చూస్తాం. అక్కడ తొందరపడం. జ్వాలాపురం దారిలో కలుస్తుంది కాబట్టి బూడిద పొర ఉన్న గట్టు దగ్గర కాసేపు ఆగుతాం, జుర్రేరు_లోయ గారు వచ్చి చెబుతామంటే ఇంకా మంచిది. ఆ తరువాత అవుకు మీదుగా బెలూం. భోజనం అక్కడే చేసి, గుహలోకి మధ్యాహ్నం దిగుతాం. తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడా ఆగం.

భక్తుడు గారూ, రవ్వలకొండ, యాగంటి ఇందులో చేర్చడం లేదు. అక్కడ దర్శనానికి వచ్చినవారిని గడియారం చూపించి తొందరపెట్టడం నాకు ఇష్టం లేదు. ముందురోజే రాగలిగినవారికి ఆ రెండూ మీరే చూపించండి. యాగంటి నీటి గురించి మీరడిగిన ప్రశ్న మాస్టారుకు చేరవేశాను. పగుళ్ళున్న రాతిలో ఇంకిన వాన నీరు కింద నీరు దిగని పొర తగిలిన చోట పక్కకు తిరిగి ఊటగా బయటికి వస్తుందని, బెలూం పాతాళగంగను చూపిస్తూ దీన్ని వివరంగా చెబుతానని అన్నారు.

బూట్లు గట్టివి వేసుకోండి. నూలు బట్టలు, మంచినీళ్ళు, తుడుచుకోవడానికి తువ్వాలు, ఒక చేతిదీపం. గుహలో దీపాలున్నా కరెంటు పోతే అవసరం. సప్తస్వరాల గదిలో గైడు తప్ప ఎవరూ రాతిని తాకకూడదు. మాధురి గారి సూచన ప్రకారం ఆయన ఒక్కసారి తట్టి వినిపిస్తారు, దాన్ని రికార్డు చేసి పర్యాటక శాఖకు ఇస్తాం. గుంతల దగ్గరి నుంచి ఒక్క గులకరాయి కూడా జేబులో వేసుకోవద్దు.

బృందంలో ఇరవై మందికి మించి తీసుకెళ్ళరు. లక్ష్మి గారికి, అమ్మగారికి చోటు ఉంచాను. మిగిలినవారు ఇక్కడే పేరు రాయండి. వినతిపత్రం పాఠం సిద్ధం కాగానే వేరే చర్చగా పెడతాను, సంతకాల కోసం దూరతీరం గారు అక్కడికే రండి.

లక్ష్మీ_సికింద్రాబాద్
నవంబరు 25, రాత్రి 10:02

మా ఇద్దరి పేర్లు ఖాయం చేయండి. డాక్టరుగారు మొదటి గదుల వరకు వెళ్ళవచ్చన్నారు. అమ్మ అడిగిన ప్రశ్న ఒకటి: కడిగిన రాళ్ళు ఎండలో ఏరే పని ఆడవాళ్ళు కూడా చేసేవారా?

పాతకాగితం
నవంబరు 25, రాత్రి 10:48

ఏరే పని సంగతి ఖచ్చితంగా చెప్పలేను కానీ, గనుల్లో ఆడవాళ్ళూ పనిచేసేవారమ్మా. కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో మగవాళ్ళు తవ్వితే, ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవారని తావెర్నియే స్పష్టంగా రాశాడు. ఆ గనిలో అరవై వేల మంది పనిచేసేవారని ఆయన లెక్క. బోర్డు పాఠంలో వాళ్ళ ప్రస్తావన మొదటి వాక్యంలోనే పెడుతున్నాను.